డర్బన్ నుంచి కొండల మీదుగా ఒక పరుగు

కామ్రేడ్స్ పేరుకే మారథాన్. మామూలు మారథాన్ 42 కిలోమీటర్లు, ఇది దానికి రెట్టింపు పైమాటే. దక్షిణాఫ్రికాలో సముద్రం ఒడ్డునున్న డర్బన్‌కీ, లోపల కొండల్లో ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య జరుగుతుంది. మామూలుగా ఒక ఏడాది పైకి, ఇంకో ఏడాది కిందికి. నేను వెళ్ళింది పైకెక్కే ఏడాది, దాదాపు 86 కిలోమీటర్లు. గడువు 12 గంటలు. అంటే అన్నీ కలుపుకుని కిలోమీటరుకి దాదాపు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. కాగితం మీద సులువుగానే కనిపిస్తుంది.

ఈ ప్రయాణానికి సిద్ధపడటంలో నాకు కష్టమనిపించింది పరుగు కాదు, నా బల్ల. ఇంట్లో ఓ మూల సోల్డరింగ్ ఐరన్, నాలుగైదు ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్లు), సగం విప్పిన రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) ఎప్పుడూ ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంటి పరికరాలని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంటుంది. నీళ్ళ ట్యాంకు మోటారు, మొక్కలకు డ్రిప్, లైట్లు అన్నీ దానికే కట్టి ఉన్నాయి. ఈ పనికీ, దూరం పరుగులకీ కావలసింది ఒకటే, రాత్రి పడుకునే ముందు గంటలు. "ఈ ఒక్క సెన్సార్ చూసి పడుకుంటా" అనుకుంటే అర్ధరాత్రి దాటుతుంది. తెల్లవారుజామున లాంగ్ రన్‌కి వెళితే ఆ నిద్ర లోటు గుండె వేగంలో కనిపిస్తుంది. అదే దారి, అదే వేగం, కానీ గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అందుకే లాంగ్ రన్ ముందు రాత్రి బల్ల దగ్గరికి వెళ్ళకూడదని పెట్టుకున్నాను. పోగొట్టుకున్నదేమీ లేదు. బల్ల ముందు ఎంతసేపు కూర్చున్నా తేలని చిక్కుముడులు చాలాసార్లు రెండో గంట పరుగులో వాటంతటవే విడిపోయాయి.

రేసుకి మూడు వారాల ముందు టేపర్ మొదలవుతుంది. పరుగు దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి. నా ఉద్దేశంలో ఇంటి టెక్నాలజీ పిచ్చి ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులవి. సమయం మిగులుతుంది, కాళ్ళు ఊరుకోవు, టెన్షన్‌గా ఉంటుంది, చేతులు స్క్రూడ్రైవర్ వైపు వెళ్తాయి. సరిగ్గా ఊరు వదిలి వెళ్ళబోయే ముందు! రేసు రోజు కొత్త బూట్లు, కొత్త జెల్ (పరుగులో శక్తికి తినేది) వాడకూడదని పరుగెత్తేవాళ్ళందరూ చెబుతారు. ఇంటి సిస్టమ్‌కీ నేను అదే నియమం పెట్టాను. టేపర్ మొదలైన రోజు నుంచి అప్‌డేట్ లేదు, కొత్త ఆటోమేషన్ లేదు.

అంతకుముందే చేయాల్సినవి చేశాను. మెమరీ కార్డు మీద ఎడతెగకుండా రాతలు పడితే ఏదో ఒక రోజు అది చెడిపోతుంది కాబట్టి రాస్ప్‌బెర్రీ పైని ఎస్ఎస్‌డీకి (ఎక్కువ రాతలు తట్టుకునే డిస్కుకి) మార్చాను. రౌటర్‌కీ దానికీ కలిపి ఒక చిన్న యూపీఎస్. బయటి నుంచి భద్రంగా చూసుకోవడానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్. వీటన్నిటికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. మోటారు ఎంతసేపు తిరగొచ్చన్న హద్దుని రాస్ప్‌బెర్రీ పైలో కాకుండా మోటారు పక్కనున్న బోర్డులోనే రాశాను. వైఫై పోయినా, పై ఆగిపోయినా, ఆ బోర్డు తనంతట తాను మోటారు ఆపేస్తుంది. ప్రతి రిలేకీ పక్కన మామూలు స్విచ్ ఉంది. ఒక వారాంతం పైని పూర్తిగా ఆపేసి, స్విచ్‌లతోనే ఇల్లు నడుస్తుందో లేదో చూశాం. నాన్న హాయిగా నడిపేశారు. "నువ్వు పరుగు సంగతి చూసుకో, ట్యాంకు సంగతి నేను చూసుకుంటా" అన్నారు.

డర్బన్‌లో దిగాక ముందు రోజు బస్సులో దారంతా చూపించారు. ఏసీ బస్సులో కూర్చుని చూస్తున్నా ఆ కొండల ఎత్తుకి కడుపులో తిప్పింది. పెద్ద కొండలు అయిదు, కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, చివర్లో పాలీ షార్ట్స్. వాటి మధ్య పేరు లేని చిన్న ఎత్తులు లెక్కలేనన్ని. దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనే ఉంటుంది.

ఈ పరుగు 1921లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తనతో నడిచి చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా విక్ క్లాఫమ్ దీన్ని పెట్టాడు. మొదటిసారి బయలుదేరింది 34 మంది, గమ్యం చేరింది 16 మంది. ఆడవాళ్ళనీ, నల్లజాతివాళ్ళనీ అధికారికంగా అనుమతించింది 1975లో. ఆ బస్సులో ఈ సంగతి విన్నప్పటి నుంచి నా నంబరు కాగితం నాకు చాలా విలువైనదిగా అనిపించింది.

రేసు రోజు చీకటితోనే డర్బన్ సిటీ హాల్ ముందు నిలబడ్డాం. వేల గొంతులు కలిసి షోషోలోజా అనే దక్షిణాఫ్రికా జానపద గీతం పాడాయి. తరువాత కోడికూత. 1948లో మ్యాక్స్ ట్రింబార్న్ అనే రన్నర్ కోడిలా కూసి మొదలుపెట్టిన ఆచారం అది, ఇప్పుడు రికార్డింగ్ వేస్తారు. తుపాకి మోగింది, కదిలాం.

కొండల మీద ఎప్పుడు నడవాలి, ఎప్పుడు పరుగెత్తాలి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు నాకు ట్యాంకు దగ్గర దొరికింది. నీళ్ళు సగానికి తగ్గితే మోటారు ఆన్, సగం దాటితే ఆఫ్ అని ఒకే గీత పెడితే, నీటి మట్టం ఆ గీత దగ్గర ఊగుతున్నంతసేపూ రిలే టకటకా కొట్టుకుంటుంది, త్వరగా పాడవుతుంది. అందుకే రెండు గీతలు పెడతాం. 30 శాతానికి పడిపోతే ఆన్, 90కి చేరితేనే ఆఫ్, మధ్యలో ఉన్నది ఉన్నట్టు. దీన్ని హిస్టరిసిస్ అంటారు. నా గుండె వేగానికీ రెండు గీతలు పెట్టాను. నిమిషానికి 155 దాటితే నడక. 140 కిందికి దిగేదాకా, ఎవరు ఎంత ఉత్సాహపరిచినా, నడకే. శిక్షణలో ఒకే హద్దుతో ప్రయత్నించిన వాళ్ళు ప్రతి నిమిషం ఆగుతూ కదులుతూ అలిసిపోవడం చూశాను. ఈ పద్ధతికి ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కావాలి. మణికట్టు వాచీలోని కాంతి సెన్సార్ ఒక్కోసారి గుండె వేగాన్ని వదిలేసి అడుగుల లయని చూపిస్తుంది.

ఫీల్డ్స్ హిల్ మూడు కిలోమీటర్ల పొడవునా ఎక్కుతూనే ఉంటుంది. అక్కడ ఎక్కువసేపు నడిచాను, బోథాస్ హిల్ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళలో శక్తి మిగిలింది. చుట్టూ "బస్సులు" వెళ్తున్నాయి. అంటే ఒక అనుభవజ్ఞుడు డ్రైవర్‌గా ముందుండి, పాడుతూ, నిర్ణీత సమయానికి గుంపుని గమ్యం చేర్చే బృందాలు. కాసేపు ఒక బస్సు ఎక్కి వాళ్ళ లయలో కదిలాను. నీళ్ళు చిన్న ప్లాస్టిక్ సంచుల్లో ఇస్తారు, పళ్ళతో కొరికి తాగాలి.

సగం దూరానికి కాస్త ముందు రాతిగట్టులో ఆర్థర్స్ సీట్ అనే చిన్న గూడు ఉంది. అయిదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ కూర్చునే చోటని చెబుతారు. అక్కడ పువ్వు పెట్టి "గుడ్ మార్నింగ్ ఆర్థర్" అనాలి. నేనూ అన్నాను. ఇంచాంగా దగ్గర ఎథెంబేని స్కూలు పిల్లలు వరసగా నిలబడి చేతులు చాస్తారు. శరీర వైకల్యమో, చూపు లోపమో ఉన్న పిల్లలు వాళ్ళు. ప్రతి చేతినీ తాకుతూ వెళ్ళాను. హార్ట్ రేట్ ఎంతుందో అక్కడ చూసుకోలేదు.

ఫోన్ వెంట తీసుకెళ్ళలేదు. దారిలో టైమింగ్ మ్యాట్ (రన్నర్ల సమయం నమోదుచేసే చాప) దాటిన ప్రతిసారీ తమ్ముడు ట్రాకింగ్ చూసి ఒక బటన్ నొక్కుతాడు, ఇంటి ముందు లైటు రంగు మారుతుంది. టేపర్‌తో మార్పులు ఆపేయకముందే ఇద్దరం కలిసి పెట్టిన ఏర్పాటు అది. మ్యాట్ కిర్రుమన్నప్పుడల్లా నాన్న లేచి వెళ్ళి లైటు చూస్తుంటారని ఊహించుకుంటూ తరువాతి కిలోమీటరు పరుగెత్తాను.

పాలీ షార్ట్స్ మొత్తం నడిచాను. రెండు కిలోమీటర్లలోపే, కానీ అంత దూరం పరుగెత్తి వచ్చాక ఎదురయ్యే ఎత్తు అది. పైకి చేరాక మిగిలింది పరుగెత్తాను. పన్నెండో గంటలోనే గమ్యం దాటాను, విక్ క్లాఫమ్ పేరున్న రాగి పతకం మెడలో పడింది.

హోటల్‌కి వెళ్ళకుండా చివరి తుపాకి కోసం నిలబడ్డాను. పన్నెండు గంటలు నిండే క్షణంలో ఒక అధికారి పరుగెత్తి వస్తున్నవాళ్ళకి వీపు తిప్పి నిలబడి పేలుస్తాడు. గీతకి నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్ళకీ పతకం ఉండదు. చూస్తూ ఏడ్చాను. ఇంత కఠినమైన నియమం ఉండాలా అంటే ఉండాలనే అంటాను. ఆ గీత ఉండబట్టే వేలమంది ఏడాదంతా చీకటితో లేస్తారు.

రాత్రి ఫోన్ తెరిస్తే తమ్ముడి మెసేజ్. "అక్కా, రెండోసారి కరెంటు పోయింది, అన్నీ వాటంతటవే లేచాయి. నువ్వు చూడక్కర్లేదు." నేను చూడలేదు.

మొదటి రెండు కామ్రేడ్స్‌లూ వరసగా రెండేళ్ళలో పూర్తిచేసినవాళ్ళకి బ్యాక్-టు-బ్యాక్ పతకం ఇస్తారు. కాబట్టి కిందికి దిగే ఏడాదికి తొడలు గట్టిపడాలి, దిగుడు దారుల మీద సాధన మొదలుపెట్టాను. బల్ల దగ్గరా పని ఉంది. మోటారుకి ఫోన్‌తో పనిలేని పెద్ద బటన్ ఒకటి తన మంచం పక్కన కావాలని నాన్న అడిగారు. బోర్డు సిద్ధంగా ఉంది, శనివారం మాత్రం ముట్టుకోను. ఆదివారం లాంగ్ రన్.