జర్మనీలో బయోడైనమిక్ పొలం పని

నేను ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక బయోడైనమిక్ పొలంలో పని చేస్తున్నా, దానికి డెమెటర్ అనే బయోడైనమిక్ సర్టిఫికెట్ ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే అందరూ ఆర్గానిక్కే కదా అంటారు. ఆర్గానిక్కే, కానీ మందులు కొట్టకపోతే చాలు అనుకునే పద్ధతి కాదిది. పొలం మొత్తం ఒకే ప్రాణి అని వీళ్ల నమ్మకం, నేల, గడ్డి, పంట, ఆవు అన్నీ దాని అవయవాలే, అందుకని మేత చాలావరకు ఇక్కడే పండాలి, పేడ తిరిగి ఇదే నేలకి చేరాలి, ఎంత భూమి ఉంటే దానికి తగ్గట్టే పశువులు. ఆవులకి కొమ్ములు కూడా తీయరు. ఇక్కడ మామూలు డెయిరీల్లో దూడప్పుడే కాల్చేస్తారు. కొమ్ములుంటే పొడుచుకోకుండా కొట్టంలో ఎక్కువ చోటు ఇవ్వాలి, ఆ ఖర్చు భరిస్తారు.

దీన్ని మొదలుపెట్టిన రుడాల్ఫ్ స్టైనర్ రైతు కాదు, తత్వవేత్త. విత్తనాల్లో, పశువుల్లో మునుపటి సత్తువ లేదని రైతులు అడిగితే 1924 జూన్‌లో కోబర్విట్జ్‌లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు, మరుసటి ఏడాదే పోయాడు. డెమెటర్ పేరు 1928లో వచ్చింది.

అందరూ వింతగా అడిగేది మేం 500 అని పిలిచే కొమ్ము ఎరువు గురించే. పాలిచ్చే ఆవు పేడ కొమ్ములో కూరి చలికాలం ముందు పాతిపెట్టి వసంతంలో తీస్తాం. అప్పటికి పేడ వాసనే ఉండదు, అడవి మట్టి వాసన. పిడికెడు తీసి నీళ్లలో గంటసేపు తిప్పాలి, సుడి బాగా పడగానే అటు నుంచి ఇటు మార్చి మళ్లీ తిప్పాలి, చేతులు లాగేస్తాయి, తర్వాత సాయంత్రం నేల మీద చల్లుతాం. పలుగురాయి పొడితో చేసే 501 మాత్రం పొద్దున్నే ఆకుల మీద.

కొమ్ము వల్ల గ్రహాల శక్తి నేలకి దిగుతుందనే మాట నేను నమ్మను, దానికి రుజువు లేదు. నేల బాగుపడుతుందన్నది మాత్రం నిజం. స్విట్జర్లాండ్‌లో థెర్విల్ దగ్గర 1978 నుంచి మామూలు, ఆర్గానిక్, బయోడైనమిక్ మళ్లు పక్కపక్కనే వేసి చూస్తున్నారు. మొదటి 21 ఏళ్ల లెక్కలో ఆర్గానిక్, బయోడైనమిక్ రెండిట్లోనూ దిగుబడి మామూలు మళ్ల కంటే 20 శాతం దాకా తగ్గింది, ఎరువు మాత్రం మూడో వంతు నుంచి సగం దాకా తక్కువ పట్టింది, మట్టిలో జీవం పెరిగింది. దిగుబడి తగ్గడం చిన్న రైతుకి చిన్న విషయం కాదు, ఇక్కడ డెమెటర్ పేరుకి మంచి రేటొస్తుంది కాబట్టి నడుస్తుంది.

నాన్న ఊళ్లో బెల్లం, పిండి వేసి జీవామృతం కలుపుతాడు, పేడ మాత్రం పక్కింటి నుంచి తెస్తాడు, మా ఆవులు ఎప్పుడో అమ్మేశాం. పొలం పేడ పొలం ఆవుదే కావాలన్న ఇక్కడి మాట నన్ను ఎక్కువ కదిలించింది అందుకే. ఇప్పుడు మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకునేది ఒకటే, ఉన్న రెండెకరాల్లో పచ్చిరొట్ట కోసం జీలుగ, జనుము ఎంత వేయాలి, గడ్డికి ఎంత వదలాలి, అప్పుడు ఒక ఆవుకి మేత సరిపోద్దా, రెండిటికా అని.