ముప్పావు లీటరు నీళ్లు, శాశ్వత రాజ్యం

2022 డిసెంబరు 31 రాత్రి, విశాఖ కంచరపాలెంలో మా మందిరం. వాగ్దానాల పళ్లెం మా వరసకి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కో వచనం అచ్చేసిన చిన్న కార్డులు పళ్లెంలో బోర్లించి పెడతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి మన వాగ్దానం అదే. లాటరీలా ఉంటుందని మా తమ్ముడు వెక్కిరిస్తాడు. నిజం చెప్పాలంటే కొంచెం అలాగే ఉంటుంది కూడా.

నా ముందు కూర్చున్న ఆవిడకి "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" వచ్చింది. ఆవిడకి జలుబు కూడా లేదు. నాకు వచ్చింది కీర్తన 145, పదమూడో వచనం: "నీ రాజ్యము శాశ్వతరాజ్యము నీ రాజ్యపరిపాలన తరతరములు నిలుచును."

చదివి ఉసూరుమన్నాను. అప్పటికి మూడు నెలలుగా అమ్మకి డయాలసిస్. షుగరు, బీపీ కలిసి ఇరవై ఏళ్లలో రెండు కిడ్నీలనీ తినేశాయి. నాకు కావలసింది స్వస్థత. ఆ కార్డు నా చేతిలో ఉండాలి. దేవుడి రాజ్యం ఎప్పటికీ ఉంటుందని నాకూ తెలుసు, దాంతో నేనేం చేసుకోను? పళ్లెం ముందుకి వెళ్లిపోయింది. మార్చుకుందామంటే సిగ్గేసింది.

అమ్మ మాత్రం కార్డు చూసి "బాగుందే" అని తన బైబిల్లో పెట్టుకుంది.

సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం ఆరింటి షిఫ్టు. అప్పట్లో ఆరోగ్యశ్రీ కింద కాబట్టి మిషన్‌కి డబ్బు కట్టక్కర్లేకపోయేది. ఆటోకి, ఇంజక్షన్లకి, టిఫిన్లకి అయ్యేది మాత్రం మేమే పెట్టుకునేవాళ్లం. నాలుగు గంటలు మిషన్ మీద. ఆ నాలుగు గంటలూ నేను బయట కుర్చీలో చీరలకి ఫాల్స్ కుట్టేదాన్ని. ఇంటి దగ్గర బ్లౌజులు, ఆస్పత్రిలో ఫాల్స్. కత్తెర పట్టుకొస్తే సెక్యూరిటీ ఆయన మొదట్లో ఒప్పుకునేవాడు కాదు, తర్వాత వాళ్ల ఆవిడ చీర తెచ్చిచ్చాడు.

డయాలసిస్ ఇంట్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, అసలు కష్టం మిషన్ దగ్గర కాదు, నీళ్ల దగ్గర. మా డాక్టరు అమ్మకి రోజుకు ముప్పావు లీటరు అన్నారు. పాలు, టీ, మజ్జిగ, సాంబారు అన్నీ అందులోనే లెక్క. ఎక్కువైతే ఒంట్లో నిలిచిపోతుంది, బరువు పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసి పెట్టేదాన్ని. మే నెల విశాఖ ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఒళ్లంతా చెమట, నోరంతా పిడచ. మధ్యాహ్నం మూడింటికే సీసా ఖాళీ. ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని సాయంత్రం దాకా గడిపేది. కొబ్బరి బొండం వద్దు, అరటిపండు వద్దు, వాటిలో పొటాషియం. కూరగాయలు తరిగి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలి. అన్నిటికీ సర్దుకున్న అమ్మ ఎండుచేపల దగ్గర మాత్రం ఏడ్చింది. పక్కింట్లో ఎండు నెత్తళ్లు వేయిస్తుంటే కిటికీ మూసెయ్యమంది.

మరొక పని కూడా ఉండేది, రోజూ పొద్దున్నే. మిషన్‌కి రక్తం వెళ్లి వచ్చే దారి కోసం చేతిలో రక్తనాళాలు రెండు కలిపి ఫిస్టులా చేస్తారు. దాని మీద వేలు పెడితే లోపల సన్నగా జుయ్‌మని అదురుతుంది, పిల్లి గొంతులో గురక లాగ. అది మోగితే ఆ దారి పనిచేస్తున్నట్టు. లేవగానే అమ్మ చెయ్యి చాపేది: "ఏటే, మోగుతుందా?" "మోగుతుందమ్మా." అప్పుడు టీ పెట్టుకునేవాళ్లం.

ఆ కార్డు సంగతికి వస్తాను. కుర్చీలో కూర్చుని ఏం చదవాలో తెలియక, రోజూ ఆ ఒక్క కీర్తనే చదవడం మొదలుపెట్టాను. భక్తితో అనుకోకండి, మొండితనంతో. ఇందులో నాకేముందో చూద్దామని. ఇరవై ఒక్క వచనాలు, మూడు నిమిషాల పని. పదమూడు దగ్గర ఆగి, కార్డు అక్కడితో అయిపోయింది కాబట్టి కోపంగా ఆగిపోయేదాన్ని. ఎన్ని వారాలు పట్టిందో గుర్తులేదు గానీ, ఒకరోజు కళ్లు దాని కింది వచనం మీదకి జారాయి. "యెహోవా పడిపోవువారినందరిని ఉద్ధరించువాడు క్రుంగిపోయిన వారినందరిని లేవనెత్తువాడు." దాని కిందే, తగిన కాలంలో ఆహారం ఇవ్వడం.

శాశ్వతరాజ్యం అనగానే మేఘాలు, బూరలు, ఎప్పుడో జరగబోయే సంగతులు అనుకునేదాన్ని. ఇక్కడ చూస్తే ఆ రాజు చేసే మొదటి పని పడినవాళ్లని లేపడం, రెండో పని అన్నం పెట్టడం. అంటే ఆస్పత్రి వార్డు పనే.

పాస్టరు గారితో ఈ మాట అంటే ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఈ కీర్తన హెబ్రీలో అక్షరమాల వరసన రాసింది, ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. అక్షరాలు ఇరవై రెండు, వచనాలు ఇరవై ఒకటి. 'నూన్' అనే అక్షరం లేదు. అది ఉండాల్సిన చోటు సరిగ్గా పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య. హెబ్రీలో 'పడిపోవడం' అనే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుందట. అందుకే దాన్ని వదిలేసి, ఆ పక్క వచనంలోనే పడినవాళ్లని ఆదుకునే మాట పెట్టారని యూదుల పాత వ్యాఖ్యానం. మృత సముద్రం దగ్గర దొరికిన చుట్టల్లో ఒకదానిలోనూ, పాత గ్రీకు అనువాదంలోనూ ఆ నూన్ వచనం ఉందని, రాసేవాళ్ల చేతిలో జారిపోయి ఉండొచ్చని కూడా ఆయనే చెప్పారు. ఏది నిజమో పండితులు తేల్చుకోనీ. నాకు ఆ ఖాళీ నచ్చింది.

దానియేలు నాలుగో అధ్యాయంలో దాదాపు ఇదే మాట బబులోను రాజు నెబుకద్నెజరు నోట వస్తుందని కూడా ఆయనే చూపించారు. మతి పోయి పశువులా గడ్డి మేసి, తిరిగి తెలివి వచ్చాక అన్న మాట. కులాసాగా ఉన్నవాడు అన్నది కాదు.

'తరతరములు' దగ్గర మాత్రం చాలా రోజులు తట్టుకుని ఆగిపోయాను. మన ఊరి సంగతే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తలు తర్జుమా చెయ్యడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు చనిపోయారు. తెలుగులో కొత్త నిబంధన మొత్తం అచ్చులోకి వచ్చేసరికి 1818. వాళ్లు చూడనే లేదు. ఇది పాస్టరు గారు ఆనందంగా చెప్పారు, విన్న నాకు దిగులేసింది. రాజ్యం నిలుస్తుంది సరే, మనిషి నిలవడు కదా.

ఆ దిగులు తీరకముందే పక్క బెడ్ బాబాయి పోయారు. పెదజాలరిపేట ఆయన, ఏళ్ల తరబడి సముద్రంలో తిరిగిన మనిషి. "చుట్టూరా నీళ్లేనమ్మా, తాగడానికి మాత్రం లెక్క" అని నవ్వేవారు. ఒక బుధవారం వెళ్లేసరికి ఆ బెడ్ మీద ఎవరో కుర్రాడు. ఎవరూ ఏమీ అనలేదు. సిస్టరు దుప్పటి సర్దుతోంది. అమ్మ నాలుగు గంటలూ కళ్లు మూసుకునే ఉంది. ఆటోలో అడిగింది, "మరి ఆ పోయినాయన్ని ఎవరు లేపుతారే?" నాకు జవాబు లేదు. కాసేపటికి తనే అంది: "శాశ్వతం అన్నాడు కదా. ఇక్కడితో అయిపోయేదైతే ఆ మాట ఎందుకు?" తాటిచెట్లపాలెం దాటేదాకా ఇద్దరం మళ్లీ మాట్లాడలేదు.

ఆగస్టులో ఒక పొద్దున్న వేలు పెడితే మోగలేదు. చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. ముందురోజు మిషన్ మీద బీపీ బాగా పడిపోయింది, దాంతో లోపల రక్తం గడ్డకట్టిందని డాక్టరు తర్వాత చెప్పారు. మళ్లీ మెడలో గొట్టం, మోచేతి పైన కొత్త ఫిస్టులా, అది పనికొచ్చేదాకా రెండు నెలలు ఆగడం. కానీ ఆ పొద్దున్న మంచం అంచున కూర్చుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రార్థన చేద్దామంటే "నీ రాజ్యము వచ్చును గాక" దాటి మాట రాలేదు. ఆ నాలుగు మాటలే మళ్లీ మళ్లీ.

అమ్మ చీర సర్దుకుంటూ అంది, "పడ్డాను గదే. పడినోళ్లకే గదా ఆ వచనం. పద, ఆటో పిలు."

ఆ రోజు నుంచి నా చదవడం మారింది. స్వస్థత అడగడం మానలేదు, ఇప్పటికీ అడుగుతాను. కానీ పొద్దున్న వేలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను. మోగినా మోగకపోయినా రాజు మారడు అని మనసులో అనుకుని అప్పుడు పెడతాను. టెన్షన్ పోయిందా అంటే పోలేదు. చెయ్యి వణకడం మాత్రం తగ్గింది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది ఆదివారం. ఆరాధన లేదు, మా ఇంటి కిటికీ అద్దాలు పగిలిపోతుంటే అమ్మ గదిలో మధ్యన కూర్చుని పెద్దగా పాటలు పాడింది. అప్పుడు భయంతో పాడుతోంది అనుకున్నాను. ఇప్పుడు అడిగితే "భయంతోనే" అంది. "భయపడితే పాడకూడదా?"

అక్టోబరు చివరికి కొత్త ఫిస్టులా మోగడం మొదలైంది. పాతదానికంటే గట్టిగా మోగుతుంది.

2023 డిసెంబరు 31 ఆదివారం. అంటే తెల్లారితే సోమవారం, ఆరింటికి షిఫ్టు. రాత్రి ఆరాధనకి వద్దన్నా అమ్మ వినలేదు. పళ్లెం వచ్చింది, ఇద్దరం చెరొక కార్డు తీశాం. అప్పుడే దీపాలు ఆర్పారు, తర్వాత కౌగిలింతలు, కేకులు, గోల. పన్నెండున్నరకి ఇల్లు చేరి పడుకున్నాం. కార్డులు చదవడం ఇద్దరం మర్చిపోయాం.

పొద్దున్న ఆస్పత్రిలో బరువు చూస్తే రెండు కిలోల ఎనిమిదొందలు ఎక్కువ. సిస్టరు అమ్మ వైపు చూసింది. అమ్మ నా వైపు చూసింది.

"రెండు ముక్కలే తిన్నానే," అంది.