నైట్ షిఫ్టు వారంలో నా చదువు గంట

మా ఆయన పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు. షిఫ్టు వారం వారం మారుతుంది. ఫస్టు షిఫ్టయితే తెల్లవారి అయిదు కాకుండానే బస్సెక్కాలి. సెకండు షిఫ్టయితే రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరతారు. నైటయితే పొద్దున్న ఏడున్నరకి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోతారు. మా ఇంట్లో దేనికైనా వేళ పెట్టుకోవాలంటే ముందు ఈ బస్సు సంగతి చూసుకోవాలి. పిల్లల చదువుకీ అంతే, నా చదువుకీ అంతే.

పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు. పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నోడికి అయిదో ఏడు నడుస్తోంది. వాళ్ళతో పాటు నేనూ చదువుతున్నాను. డిగ్రీ కాగానే పెళ్ళయింది, పదేళ్ళు పుస్తకం పక్కన పడేశాను. ఇప్పుడు దూరవిద్యలో ఎమ్మే తెలుగు రెండో సంవత్సరం. శ్రీకాకుళం గుజరాతీపేటలో మా వీధి వాళ్ళూ, నాలాగే ఇంట్లో చదువు చెబుతున్న ఇద్దరు ముగ్గురు తల్లులూ "ఇవన్నీ ఎలా కుదురుతున్నాయి?" అని అడుగుతుంటారు. కుదిరినవీ కుదరనివీ ఉన్నదున్నట్టు రాస్తాను.

పెద్దది యూకేజీలో ఉండగా ఇంట్లో మాట్లాడడం తగ్గించేసింది. ఏం అడిగినా తల ఊపేది. చాలా రోజులకి రాత్రి పక్క మీద చెప్పింది, బడిలో "ఏటి" అంటే అందరూ నవ్వుతున్నారని. "ఏమిటి" అనాలట, లేదా "వాట్" అనాలట. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ విన్నది "ఏటి", "ఎలగ", "బేగి రా", "నాను సూస్తాను". అది వాళ్ళ నాన్నమ్మ మాట. ఆ మాట తప్పయితే నాన్నమ్మే తప్పన్నట్టు అర్థమైంది దానికి. దానికి తోడు రోజూ నాలుగేసి పేజీల హోంవర్కు, వేళ్ళు నొప్పులని ఏడుపు. టీచర్ల మీద నాకు కోపం లేదు. నలభైమంది పిల్లల మధ్య ఒక్కరు ఎంతని చూడగలరు? కానీ గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లా మాది. సవర గిరిజన పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు పద్యాలు పాడించే చోట మా పిల్ల మాట తప్పవడం నాకు ఎంతకీ మింగుడుపడలేదు. మూడు నెలలు ఆలోచించుకుని బడి మాన్పించాం.

చట్టం సంగతి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంటుంది. ఇంట్లో చదివించుకోవడం గురించి అందులో విడిగా ఏమీ లేదు. బడి బయటి పిల్లల లెక్కకి వచ్చినామె మా గుమ్మంలో కూర్చుని గంటసేపు ప్రశ్నలు వేసింది. నేను పెద్దదాని నోటుపుస్తకాలు చూపించాను. ఎన్‌ఐఓఎస్‌, అంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, వాళ్ళ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలున్నాయి. అవి 3, 5, 8 తరగతులతో సమానం. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మేం పట్టుకున్న దారి అది. పిల్లల పేరు బడిలో లేదు కాబట్టి, బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే "తల్లికి వందనం" డబ్బు మాకు రాదు. మా బడ్జెట్‌లో అది చిన్న మొత్తం కాదు. ఇంటి చదువు మొదలుపెట్టేవాళ్ళు ఈ లెక్క కూడా ముందే వేసుకోవాలి.

మొదటి ఎనిమిది నెలలు నేను పూర్తిగా పిల్లల వెనకే ఉన్నాను. బడిలో ఆరు పీరియడ్లుంటే నేను ఏడు పెట్టాను. బడి మాన్పించిన తల్లి పిల్లలు వెనకబడకూడదన్న భయం అది. నా తిండి వాళ్ళ పళ్ళెంలో మిగిలిన ముద్దలు, మధ్యలో టీ, మళ్ళీ టీ. మేడ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఒకరోజు పెద్దదానికి వత్తులు చెబుతూ కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూలబడిపోయాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆడవాళ్ళకి 12 ఉండాలి. "పిల్లలకి పాఠాలు తర్వాతమ్మా, ముందు నువ్వు కూర్చుని అన్నం తిను" అన్నారు డాక్టరమ్మ. ఐరన్ మాత్రలు రాశారు. భోజనానికి దగ్గర్లో టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదట. నిమ్మకాయ, ఉసిరి లాంటివి తింటే బాగా పడుతుందట. ఇన్నాళ్ళూ నేను చేసింది సరిగ్గా తిరగేసిన పని. మునగాకు పప్పులో నిమ్మరసం పిండుకుని, పిల్లలతో పాటు నేనూ వేడివేడిగా కూర్చుని తినడం అప్పుడు మొదలైంది. నాలుగు నెలలకి 11.6 అయింది. సొంత ఆరోగ్యం చూసుకోవడమంటే నాకు ముందు అర్థమైంది ఇదే. సాయంత్రం నాగావళి ఒడ్డున నడక ఆ తర్వాత వచ్చింది.

చదువు సంగతి మాత్రం ఇంకా దారిలో పడలేదు. ఎమ్మే పుస్తకాలు బీరువా పైన ఉండేవి. నేను చదివేది వంటింట్లో, ఫోన్‌లో. మా ఊళ్ళోని కథల గ్రంథాలయం, కథానిలయం, వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు. కుక్కర్ మూడు కూతలు పెట్టేలోపు రెండు పేజీలు. ఎవరైనా వస్తే ఫోన్ బోర్లించేసేదాన్ని. ఎందుకు బోర్లించేదాన్నో ఇప్పుడు చెప్పలేను. ఇంటి పని ఉండగా, పిల్లల చదువుండగా, నేను కథ చదువుతున్నానంటే ఏమనుకుంటారోనన్న బెరుకు కాబోలు. ఒకరోజు పెద్దది అడిగింది, "అమ్మా, నువ్వు ఏటి దాస్తున్నావు?"

జవాబు చెప్పలేకపోయాను. బడిలో తన మాట దాచుకోవలసి వచ్చిందనే ఆ పిల్లని ఇంటికి తెచ్చుకున్నాను. దాని ఎదుటే నేను నా పుస్తకం దాస్తున్నాను.

ఆ మాట అత్తమ్మ విన్నారు. ఆవిడది నరసన్నపేట వైపు పల్లె. అయిదో తరగతి దాకా చదివారు. కూర ముక్కలు తరుగుతూనే అన్నారు: "దొంగసాటుగా సదువుతావేటమ్మా? సదువేటి తప్పు పనా? పలానా ఏళకి నాను సదువుకుంతాను అని సెప్పు. గుంటల్ని నాను సూసుకుంతాను." గుంటలంటే మా వైపు పిల్లలు.

అంతవరకూ నేను ఆవిడని ఒక్కసారీ అడగలేదు. అడగకుండానే "అత్తమ్మకి ఓపిక లేదు, ఆవిడకి నచ్చదు" అని నాకు నేను అనేసుకున్నాను. ఈ ఏడాదిన్నరలో నన్ను అన్నిటికంటే వెనక్కి లాగింది ఆ అనుకోవడమే.

మర్నాటి నుంచి గంట పెట్టాం. ఫస్టు షిఫ్టు వారంలో మా ఆయన క్యారేజీ కట్టి పంపాక, అయిదున్నర నుంచి ఆరున్నర దాకా పెరటి వరండాలో కూర్చుంటాను. గుమ్మానికి నా పాత ఎర్ర చున్నీ కడతాను. చున్నీ ఉన్నంతసేపూ దెబ్బ తగిలితే తప్ప అమ్మని పిలవకూడదు. మొదటి రోజు చిన్నోడు పద్నాలుగుసార్లు పిలిచాడు. లెక్కపెట్టాను. మూడో వారానికి చున్నీ కింద నుంచి తల పెట్టి చూసి వెళ్ళిపోవడం నేర్చుకున్నాడు. ఒక్కోరోజు బొమ్మల పుస్తకం తెచ్చుకుని నా కాళ్ళ దగ్గర కూకుండిపోతాడు, అది నాకు అడ్డం కాదు.

సెకండు షిఫ్టు వారంలో రాత్రి ఆయనకి అన్నం పెట్టి పడుకునేసరికి పన్నెండవుతుంది కాబట్టి తెల్లవారి లేవలేను. లేవాలని పట్టుబట్టి రెండు వారాలు చేశాను, మళ్ళీ నీరసం వచ్చింది, మానేశాను. ఆ వారం నా గంట మధ్యాహ్నం, చిన్నోడు నిద్రపోయినప్పుడు. నైట్ షిఫ్టు వారం అన్నిటికంటే కష్టం. పగలు ఇంట్లో చప్పుడు ఉండకూడదు. పాఠాలన్నీ మేడ మీద, కొబ్బరాకు పందిరి కింద. గొంతెత్తి చదవడం, ఎక్కాలు అప్పజెప్పడం అక్కడే. ఆ వారం నా గంట సాయంత్రం అయిదింటికి. ఆ వేళకి ఆయన లేచి ఉంటారు, పిల్లల్ని వంతెన దాకా తిప్పుకొస్తారు.

ఏడు పీరియడ్లు పోయాయి. కూర్చోబెట్టి చెప్పేది రోజుకి రెండు గంటలు దాటదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉంటాయి. మాకు అవి చాలా ఉపయోగపడ్డాయి. లెక్కలకి చింతపిక్కలు, జీడిపిక్కలు. మా పుట్టిల్లు పలాస దగ్గర. అక్కడ పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారు, నాలుగు కిలోల పిక్కలకి దరిదాపుగా కిలో పప్పు దిగుతుంది. నాలుగో వంతు అంటే ఏమిటో పెద్దదానికి మా అన్నయ్య వాళ్ళ పెరట్లో బస్తా ముందు కూర్చుని తెలిసింది.

అరసవల్లి పాఠం మాత్రం ఇంకా వివరంగా చెప్పాలనుంది. ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ తొలి సూర్యకిరణాలు ఆదిత్యుడి పాదాల మీద పడతాయి. మేం వెళ్ళిన అక్టోబరు ఉదయం మబ్బు పట్టింది, కిరణాలు పడలేదు. పెద్దది దారంతా మొహం ముడుచుకుని, "రెండుసార్లే ఎందుకు పడాలి? రోజూ పడొచ్చు కదా?" అంది. నాకు వెంటనే తెలియలేదు. ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. తర్వాత కొద్దికొద్దిగా దక్షిణానికి జరుగుతూ డిసెంబరు 22 ప్రాంతానికి ఆ చివర దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వస్తాడు. వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఒకే చోట ఉదయిస్తాడు. ఆ రెండుసార్లే ఆ కిరణం గుడి గుమ్మాలన్నీ దాటి లోపలికి నేరుగా వెళ్ళగలదు.

చెప్పినంత మాత్రాన నమ్మే పిల్ల కాదు. మా వరండాకి తూర్పున చిన్న కిటికీ ఉంది. తొలి ఎండ ఎదుటి గోడ మీద పడగానే సుద్దముక్కతో గీత గీయమన్నాను, ఆదివారం ఆదివారం. సూర్యుడు దక్షిణానికి జరిగేకొద్దీ గోడ మీద ఎండ ఉత్తరానికి జరిగింది. సంక్రాంతి నాటికి గీతలు వెనక్కి రావడం మొదలైంది. మార్చిలో ఎండ అక్టోబరు గీత మీదికి వచ్చి నిలబడినప్పుడు పెద్దది వీధిలోకి పరిగెత్తుకెళ్ళి అందరినీ పిలుచుకొచ్చింది. ఈ పాఠం నేను ప్లాను చేసింది కాదు. నా గంట అయిపోయే వేళకి ఆ గోడ మీద ఎండ పడుతుంది, అక్కడే కూర్చుని ఉంటాను కాబట్టి తట్టింది.

నా చదువులో ఇప్పుడు పెద్ద పని ప్రాజెక్టు. ఉత్తరాంధ్ర కథల్లో కనిపించే మాటలు పోగు చేస్తున్నాను. చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు), జంగిడి, కంబారి (పాలేరు), బేగి (త్వరగా). దీనికోసం నెలకోసారి, ముందుగా కనుక్కుని, కథానిలయానికి వెళతాను. కారా మాస్టారు, కాళీపట్నం రామారావుగారు, 1997లో మన ఊళ్ళో పెట్టిన గ్రంథాలయం అది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట ఉండాలని మొదలుపెట్టారు. ఆయన కూడా బడిపంతులుగానే పనిచేశారని తెలిసినప్పుడు ఎందుకో ధైర్యంగా అనిపించింది. ఊరి బయటవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి చదువుకునే చోటు, నేను ఆటోలో పావుగంటలో వెళ్ళగలిగినది, అక్కడికి పెళ్ళయిన పదేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ మొదటి రోజు పాత పత్రికల కట్టల మధ్య కూర్చుని మూడు గంటలు తల ఎత్తలేదు. మధ్యలో ఇంటికి ఫోన్ చేద్దామనుకుని, చేయలేదు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు.

కథలో దొరికిన మాటకి అర్థం సరిచూసేది అత్తమ్మ. "జంగిడి అంటే ఉత్త గొడ్ల మంద కాదమ్మా, ఊరందరి గొడ్లూ కలిపి తోలుకెళ్ళేది" అని సరిదిద్దారు. తను చెప్పిన మాట రాసుకుంటున్నానని తెలిశాక, పడుకోబోయే ముందు కూడా పిలిచి ఇంకో మాట చెబుతున్నారు. కిందటి నెల నా నోటుపుస్తకంలో నేను రాయని వరుస ఒకటి కనిపించింది. పెద్ద పెద్ద అక్షరాలతో, వత్తు సరిగా పడక ఒకచోట కొట్టేసి: "ఏటి అంటే ఏమిటి. నాన్నమ్మ మాట. మా ఇంటి మాట." అక్షరం మార్చకుండా అలాగే ఉంచాను. ప్రాజెక్టు అచ్చు కొట్టించినప్పుడు కూడా ఉంచుతాను.

కుదరని రోజులు ఇప్పటికీ ఉన్నాయి. ఫిబ్రవరిలో పిల్లలిద్దరికీ వరసగా జ్వరాలు వచ్చి ఇరవై రోజులు పుస్తకం తెరవలేదు, ఒక పేపరు తర్వాతి సారికి వాయిదా వేసుకున్నాను. ఆ బాధ రెండు రోజులు పట్టి పీడించింది. చిన్నోడి మీద అనవసరంగా అరిచాను, తర్వాత వాడి పక్కన కూర్చుని తప్పు నాదని చెప్పాను. వాడు "సరేలే" అని నా చేతిలో చింతపిక్క పెట్టాడు.

వచ్చే వారం మళ్ళీ నైట్ షిఫ్టు. పందిరికి కొత్త కొబ్బరాకు వేయించాలి, ఎండ ముదిరింది. నా గంట సాయంత్రం అయిదింటికి మారుతుందని ఈరోజు పొద్దున్నే ఇంట్లో అందరికీ చెప్పాను.