భారతం చదివిన ఫాదరు, టోక్యోలో యూనివర్సిటీ

మా ఇంట్లో యాత్ర అంటే ఫిబ్రవరిలో గుణదల మాత కొండే. ఉద్యోగానికి టోక్యో వచ్చాక, జపాన్‌లో కాథలిక్కుల యాత్ర అంటే నాగసాకి వెళ్ళాలన్నారు అందరూ, నేను మాత్రం ముందు ఇక్కడి కాథలిక్ విద్యాలయం సోఫియా యూనివర్సిటీకి బయల్దేరాను. కాలేజీకి యాత్రేంట్రా అని అమ్మ ఫోన్లో ఒకటే నవ్వు.

యొత్సుయా స్టేషన్లో దిగితే ఎదురుగానే పునీత ఇగ్నేషియస్‌వారి గుడి, ఆ పక్కనే క్యాంపస్. మధ్యాహ్నం ఇంగ్లీషు పూజ అయ్యాక అటు నడిచాను.

1549లో మన గోవా నుంచి వెళ్ళి కగోషిమాలో దిగిన ఫ్రాన్సిస్ శౌరివారు (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్), జపాన్ రాజధానిలో ఒక పెద్ద విద్యాలయం ఉండాలని అప్పుడే ఆశపడ్డారు. తర్వాత నిషేధాలు, హతసాక్షులు, రెండు శతాబ్దాలకు పైగా దాక్కుని బతికిన విశ్వాసులు... చివరికి 1908లో ముగ్గురు జెస్యూట్ ఫాదర్లు, అంటే శౌరివారి ఏసు సభకే చెందిన గురువులు, వచ్చారు. వాళ్ళలో జోసెఫ్ డాల్మన్ అనే జర్మన్ ఉన్నాడు చూడండి, ఆయన సంస్కృత పండితుడు, మహాభారతం ముక్కలు అతికించింది కాదు, ఒక్క చేతి మీదుగా వచ్చిన గ్రంథమని 1895లోనే పుస్తకం రాసి యూరప్ పండితులతో వాదం పెట్టుకున్న మనిషి! జపాన్‌లో కాథలిక్ యూనివర్సిటీ కావాలని పదవ పయస్ పోపుగారిని అడిగినవాళ్ళలో ఈయన ముఖ్యుడు. ఈ సంగతి తెలిసే నేను నాగసాకి కంటే ముందు ఇక్కడికొచ్చాను.

1912లో కియోయిచోలో స్థలం కొన్నారు, 1913లో క్లాసులు మొదలయ్యాయి: తత్వశాస్త్రం, జర్మన్ సాహిత్యం, కామర్స్. కామర్స్ పెట్టడం నాకు భలే నచ్చింది, పిల్లలకి ఉద్యోగాలు కూడా రావాలి కదా. తకాషిమా అనే సైన్యాధికారి ఉన్న పాత ఇల్లు ఇంకా అలాగే ఉంది, కుల్టూర్‌హైమ్ అంటారు, అందులో చాపెల్ కూడా ఉంది. చుట్టూ ఎత్తైన బిల్డింగులు లేచినా దాన్ని మాత్రం కదపలేదు.

పక్కన కోట కందకం గట్టు మీద చెర్రీ చెట్ల కింద నడుస్తూ జపమాల చెప్పుకున్నాను. కింద కందకాన్ని యుద్ధంలో కూలిన ఇళ్ళ శిథిలాలతో పూడ్చేశారు, ఇప్పుడది యూనివర్సిటీ గ్రౌండు, ఈలలూ కేకలూ, జపమాలలో రెండో రహస్యం (రెండో పది పూసల వంతు) దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సొచ్చింది.

కోరిక శౌరివారిదే అయినా, నా ఓటు మాత్రం మొదటి ప్రెసిడెంటు హెర్మన్ హాఫ్‌మన్‌కే. మొదలైన మరుసటేడే జర్మనీకీ జపాన్‌కీ యుద్ధం, ఈయనేమో జర్మన్. 1923 భూకంపంలో ఎర్ర ఇటుకల భవనం దెబ్బతింది. అయినా వదల్లేదు, 1928లో ప్రభుత్వం నుంచి పూర్తి యూనివర్సిటీ హోదా తెచ్చుకుని, 1937లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.