గుండీలతో గో

2016 మార్చిలో సియోల్‌లో కొరియా గో ఛాంపియన్ లీ సెడాల్‌తో ఆడిన అయిదు ఆటల్లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ నాలుగు గెలిచిందని పేపర్లో చదివి, ఆ వారమే ఫోన్లో గో యాప్ ఒకటి వేసుకున్నాను. గో అంటే నల్ల, తెల్ల కాయలు పెట్టి బోర్డు మీద చోటు చుట్టుకునే ఆట. స్కూల్లో చెస్ కప్పులు తెచ్చుకున్నదాన్ని, ఇదెంతలే అనుకున్నా. అడ్డంగా 19 గీతలు, నిలువుగా 19, మొత్తం 361 చోట్లు. దర్జాగా నడిమధ్యలో నల్లకాయ పెట్టాను. గంటన్నర తర్వాత వంద పాయింట్లకు పైగా తేడాతో ఓడిపోయానని వచ్చింది. ఎందుకు ఓడానన్నది అటుంచండి, ఆట ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదు. యాప్ తీసేశాను. ఏళ్ళపాటు మళ్ళీ దాని జోలికి పోలేదు.

మొన్న ఎండాకాలం బాపు నల్గొండ నుంచి కంటి ఆపరేషన్‌కని తార్నాకలో మా ఇంటికొచ్చాడు. టీవీ తగ్గించమన్నారు. పొద్దుపోక బాల్కనీలో కూర్చుని కింద పార్కింగ్ గొడవలకు తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ముదరకముందే ఏదో ఒకటి చేయాలని, ఫ్యాన్ వచ్చిన అట్టపెట్టె చింపి, స్కెచ్ పెన్నుతో తొమ్మిదికి తొమ్మిది గీతలు గీశాను. జనరల్ బజార్లో నల్లగుండీలు ఒక గ్రోసు, తెల్లగుండీలు ఒక గ్రోసు తెచ్చాను. "టైలరింగా మేడమ్?" అని అడిగాడు షాపతను. అవునన్నాను. నిజం చెబితే ఇంకో అరగంట పట్టేది. చిన్న బోర్డులో ఉన్నవి 81 చోట్లే కాబట్టి 41 నల్లవి, 40 తెల్లవి పక్కనపెట్టి, మిగతావి అమ్మ కుట్టు డబ్బాలో పడేశాను.

"కాయ గడిలో కాదు బాపూ, గీతలు కలిసే చోట పెట్టాలె. పెట్టినంక జరపొద్దు" అని మొదలుపెట్టానో లేదో, "పులి-మేక లెక్కనే గదా" అన్నాడు.

నా బుర్రకు తట్టని మాట అది. చెస్ నుంచి వచ్చినవాళ్ళు ఈ కాయ ఎటు పోగలదు, ఎవరిని కొట్టగలదు అని చూస్తారు. గోలో కాయ ఎటూ పోదు, పెట్టినచోటే కూర్చుంటుంది. పులి-మేకలో మేకల పని కూడా మొదట అదే. పదిహేను మేకల్నీ ఒక్కొక్కటిగా దింపుతూ, మూడు పులులకూ కదిలే చోటు లేకుండా చేయాలి. మా ఊరి రచ్చబండ మీద గీసిన ఆ ఆటలో బాపు ఎప్పుడూ మేకల పక్షమేనట.

గోలో ఒక కాయను ఆనుకుని గీత వెంట ఉన్న ఖాళీ చోటును ఇంగ్లీషులో లిబర్టీ అంటారు. చైనావాళ్ళు చీ, అంటే ఊపిరి అంటారు. నాకు ఊపిరే నచ్చింది. మధ్యలో ఉన్న కాయకు నాలుగు ఊపిర్లు, అంచున మూడు, మూలలో రెండు. ఒకే రంగు కాయలు పక్కపక్కన చేరితే ఊపిర్లు ఉమ్మడి. మధ్యలో జంటగా ఉన్న రెండు కాయలకు ఆరు. అన్నీ మూసుకుపోతే ఎన్ని కాయలున్నా ఒకేసారి బోర్డు దిగాల్సిందే. ఒక్క ఊపిరే మిగిలితే అటారి. వీడియో గేముల కంపెనీ పేరు పెట్టుకుంది ఇక్కడి నుంచే.

మొదట మేం అసలు గో ఆడనే లేదు. ముందు ఎవరు ఒక కాయ తీస్తే వాళ్ళదే గెలుపు, అంతే. ఆట అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఇరవై ఆటలయ్యాక మూడు కాయలు, తర్వాత అయిదు. కొత్తవాళ్ళెవరు అడిగినా ఇలాగే మొదలుపెట్టమంటాను. మొదటి వంద ఆటలూ గబగబా ఓడిపొమ్మని గో ఆడేవాళ్ళలో ఒక సామెత ఉంది. చిన్న బోర్డు మీదైతే రెండు వారాల్లో ఓడేయొచ్చు.

అందులో ఒక ఓటమి మాత్రం ఇంకా మంటగానే ఉంది. నా నల్లకాయ అటారిలో పడింది. పక్కన ఇంకోటి పెట్టి పారిపోయాను, రెండు ఊపిర్లొచ్చాయి. బాపు ఒకటి మూశాడు. ఇంకోటి పెట్టాను, మళ్ళీ రెండు. మళ్ళీ ఒకటి మూశాడు. మెట్లు దిగినట్టు వంకరటింకరగా అంచు దాకా ఉరికాను. అంచు దాటి ఊపిరెక్కడిది? ఏడు గుండీలు ఒకేసారి ఎత్తి తన కంచంలో వేసుకున్నాడు. "ఉరికేటప్పుడు ముంగట గోడ ఉన్నదో లేదో సూస్కోవాలె బిడ్డా." దీన్నే ఇంగ్లీషులో నిచ్చెన అంటారు. దారిలో మన కాయ ఒకటి ముందే ఉంటే బతుకుతాం. లేకపోతే మొదటి కాయను వదులుకోవడమే మేలు.

తర్వాత కళ్ళు. ఇది చదివితే ఎక్కదు, గుండీలు పెట్టి చూడండి. కింది అంచు నుంచి రెండో గీత మీద, ఎడమ అంచు దగ్గర మొదలుపెట్టి వరసగా నాలుగు నల్లగుండీలు పెట్టండి. కింది అంచు గీత మీద మూల వదిలేసి రెండో చోట ఒకటి, మూడోది వదిలేసి నాలుగో చోట ఒకటి. మొత్తం ఆరు. లోపల రెండు ఖాళీలు మిగిలాయి కదా, అవే కళ్ళు. చుట్టూ తెల్లగుండీలతో కప్పేయండి. ఇప్పుడు తెల్ల ఏ కంట్లో పెట్టినా దానికి ఊపిరుండదు. నల్లకేమో రెండో కన్ను ఇంకా తెరిచే ఉంది. అందుకే తెల్లకు అక్కడ పెట్టే వీలే లేదు. ఆ గుంపు ఇక చావదు. ఒక్క కన్నే అయితే చుట్టూ మూసి, చివరి గుండీ ఆ కంట్లోనే పెట్టి మొత్తం ఎత్తేయొచ్చు. ఇది అర్థమైన రోజున నాకు ఆట సగం వచ్చినట్టయింది.

మూలల సంగతి హైదరాబాదీలకు చెప్పనక్కర్లేదు. కార్నర్ ప్లాటుకు రెండు వైపులా గోడలు ముందే ఉన్నాయి, మనం కట్టాల్సింది మిగతా రెండే. నడుమ స్థలానికి నాలుగూ మనమే కట్టాలి. పెద్ద బోర్డు మీద ముందు మూలలు, తర్వాత అంచులు, ఆఖరికి మధ్య. 2016లో నేను నడిమధ్యలో కబ్జా పెట్టబోయానన్నమాట.

కో అని ఇంకో రూలుంది. ఒకళ్ళ కాయ ఒకళ్ళు అదే చోట మార్చి మార్చి తీసుకుంటూ పోతే ఆటకు అంతుండదు, అందుకే వెంటనే తిరిగి తీయకూడదు. ముందు వేరేచోట ఒక కాయ పెట్టి రావాలి. ఈ కో అన్న మాట మన కల్పమే. బౌద్ధంతో చైనాకు, అక్కణ్ణుంచి జపాన్‌కు వెళ్ళింది. ఇది చెప్పగానే బాపు "శ్వేతవరాహకల్పే" అని సంకల్పం అందుకున్నాడు.

ఇద్దరూ ఇక పెట్టేదేమీ లేదని పాస్ అంటే ఆట అయిపోయినట్టు. కొత్తల్లో చైనా లెక్కే సుఖం. బోర్డు మీద బతికున్న మన కాయలు, అవి చుట్టిన ఖాళీ చోట్లు కలిపితే మన పాయింట్లు. ఒకరికి 44 వస్తే రెండోవాళ్ళకు 37. తెల్లకు అదనంగా ఇచ్చే కొమి జపాన్‌లో ఆరున్నర, చైనాలో ఏడున్నర. దాని గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

ఇంట్లో బాపు లేనివాళ్ళకు ఆన్‌లైన్ గో సర్వర్ ఉంది, అందరూ ఓజీఎస్ అంటారు. ఉచితం. పాఠాలుంటాయి, తొమ్మిది గీతల బోర్డు ఉంటుంది. తార్నాకలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట వచ్చేలోపు ఒక ఆట ముగుస్తుంది.

పోయిన నెల పాత క్యాలెండర్ వెనక 13 గీతల బోర్డు గీశాను. అమ్మ డబ్బాలోంచి గుండీలు మళ్ళీ బయటికొచ్చాయి. బాపు ఓసారి అటూ ఇటూ చూసి, "నల్లవి నువ్వు తీస్కో, రెండు ముంగటనే పెట్టుకో" అన్నాడు. బలహీనులకు అలా ముందుగా కాయలిచ్చే పద్ధతి గోలో ఉందని ఆయనకు చెప్పింది నేనే. పెట్టుకున్నాను.