వోల్టులు, ఆంపియర్లు తెలిస్తే ఓమ్‌లు, వాట్లు ఎంత?

వెలుగుతున్న 12 వోల్టుల ఫిలమెంట్ బల్బు 1.75 ఆంపియర్లు లాగుతోందనుకోండి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, సుమారు 6.9 ఓమ్‌లు. గుణిస్తే పవర్, 21 వాట్లు. లెక్క ఇంతే.

అదే బల్బును ఊడదీసి మీటరుతో ఓమ్‌లు చూడండి, ఒక ఓమ్ కూడా రాకపోవచ్చు. మీటరు పాడవలేదు. ఫిలమెంట్ అంటే బల్బులోని టంగ్‌స్టన్ లోహపు తీగ, అది వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఇప్పుడది చల్లగా ఉంది. అందుకే వోల్టేజీ, కరెంటు రెండు కొలతలూ బల్బు వెలుగుతుండగానే తీయాలి. వోల్టేజీని సప్లై దగ్గర కాదు, బల్బు టెర్మినళ్ల మీదే చూడాలి. లేదంటే వైర్లలో పడిపోయే వోల్టేజీ కూడా లెక్కలో కలిసిపోతుంది.

ఎక్కువమంది తప్పేది మిల్లీఆంపియర్ల దగ్గర. 20 మిల్లీఆంపియర్లంటే 0.02 ఆంపియర్లు. 5 వోల్టులకు 250 ఓమ్‌లు, 0.1 వాట్. మార్చకుండా 20 అని వేస్తే 100 వాట్లు వస్తుంది!

కరెంటు కొలిచాక మీటరు ఎర్ర ప్రోబును (కొలిచే తీగను) కరెంటు సాకెట్ నుంచి తిరిగి వోల్టేజీ సాకెట్లోకి మార్చండి. మరిచిపోయి సప్లైకి ఆనిస్తే అది నేరుగా షార్ట్ సర్క్యూటే.