రికాయిల్‌ని చిన్నచూపు చూడకండి: జిర్కాన్ ప్రాజెక్టుతో నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది ప్రాజెక్టుకి నేను జిర్కాన్ అనే ఖనిజం తీసుకున్నాను. మాది సఖినేటిపల్లి వైపు. అంతర్వేది తీరంలో అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి కదా, వాటిలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు కొద్దికొద్దిగా జిర్కాన్, మోనజైట్ కూడా ఉంటాయి. తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు అరిగి నీళ్లతో దిగివచ్చిన సరుకే అది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి దానికి అణుశక్తి చట్టాలు వర్తిస్తాయి, ఎవరికి వాళ్లు ఎత్తుకొచ్చుకునేది కాదు. మా గైడ్ మేడమ్ దగ్గర ముందే వేరుచేసి ఉంచిన గింజలతోనే నా పని అంతా నడిచింది.

జిర్కాన్ స్ఫటికంలో అక్కడక్కడా జిర్కోనియం ఉండాల్సిన చోట యురేనియం కూర్చుంటుంది. అది క్షయం చెందిన క్షణంలో, అంటే దాని కేంద్రకం ఆల్ఫా కణాన్ని (హీలియం కేంద్రకాన్ని) బయటికి విసిరినప్పుడు, చుట్టూ ఉన్న పరమాణువుల వరసలు ఏమవుతాయన్నదే నా ప్రశ్న.

మన పుస్తకాలు ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాయి. శక్తిలో 98 శాతానికి పైగా ఆల్ఫా కణమే పట్టుకుపోతుంది, మిగతాది, అంటే మిగిలిన కేంద్రకం వెనక్కి తన్నుకునే రికాయిల్‌ది, స్వల్పం, వదిలేయవచ్చు అని. "స్వల్పం అని ఎవరితో పోల్చి అంటున్నారమ్మా? ముందు కాగితం మీద లెక్క వెయ్యి, కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు మేడమ్. వేశాను. రేవులో నాటు పడవ మీంచి గట్టు మీదికి దూకితే పడవ వెనక్కి పోతుంది చూడండి, అదే సూత్రం: ద్రవ్యవేగం ఇద్దరికీ సమానం, శక్తి మాత్రం బరువు తక్కువున్నవాడికే ఎక్కువ. యురేనియం-238 నుంచి ఆల్ఫా సుమారు 4.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులతో బయటపడితే, మిగిలిన థోరియం-234 కేంద్రకానికి అందులో 4/234 వంతు దక్కుతుంది. అంటే దాదాపు 72 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆల్ఫా పక్కన పెడితే చిన్నదే, కానీ స్ఫటికంలో ఒక పరమాణువుని దాని చోటు నుంచి పెకలించడానికి కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు! సగటున 40 అనుకుని, కించిన్, పీస్ 1955లో ఇచ్చిన తేలిక సూత్రంలో పెడితే 72,000ని 80తో భాగించాలి, అంటే 900. ఒక్క క్షయానికి, ఒక్క థోరియం కేంద్రకం వల్ల, తొమ్మిది వందల పరమాణువులు చోటు తప్పుతాయి. ఒక్కోటి వెనక ఒక ఖాళీ వదిలి, ఇంకెక్కడో ఇరుకులో ఇరుక్కుంటుంది. ఈ జంటనే ఫ్రెంకెల్ లోపం అంటారు. ఆ అంకె చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

మరి అంత శక్తి ఉన్న ఆల్ఫా ఏం చేస్తోంది? తేలికది, వేగంగా పోయేది కాబట్టి దారంతా ఎలక్ట్రాన్ల మీదే శక్తి ఖర్చుపెట్టి, పది మైక్రాన్లకి పైగా పోయి, ఆగబోయే ముందు మాత్రం ఓ వంద పరమాణువుల్ని కదుపుతుంది. థోరియం బరువైనది, నెమ్మది, నేరుగా పరమాణువుల్నే ఢీకొంటూ కొన్ని పదుల నానోమీటర్లలోనే ఆగిపోతుంది. కణం పదార్థంలో ఎలా పోయి ఆగుతుందో లెక్కించే శ్రిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండూ నడిపితే తేడా కంటికే కనిపించింది: ఆల్ఫాది పొడవాటి గీత, చివర్లో చిన్న కుచ్చు, థోరియందంతా ఒకేచోట కమ్ముకున్న మచ్చ. ఒక జాగ్రత్త. శ్రిమ్‌కి స్ఫటికం అంటే తెలియదు, వరసలు లేని గుట్టగానే లెక్కిస్తుంది; చెదిరిన పరమాణువులు క్షణంలోనే తిరిగి చోటు చేరుకోవడాన్నీ పట్టించుకోదు. అందుకని ఆ అంకెలు నిజంగా మిగిలే లోపాల కంటే ఎక్కువే ఉంటాయి.

యురేనియం-238 సీసం-206 అయ్యేలోపు ఇలా ఎనిమిది ఆల్ఫాలు, అంటే ఎనిమిది తన్నులు. మధ్యలో వచ్చే బీటా క్షయాల తన్ను ఈ పనికి దాదాపు చాలదు. కోట్ల ఏళ్లు ఇలాగే సాగితే మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి స్ఫటికం లోపల గాజులా మారిపోతుంది, దీన్ని మెటామిక్ట్ స్థితి అంటారు. పూర్తిగా అలా మారిన జిర్కాన్ పరిమాణంలో దాదాపు 18 శాతం ఉబ్బుతుంది.

గింజ మీద లేజర్ వేసి పరమాణువుల కంపనాల్ని కొలిచే రామన్ పరికరం దగ్గర టైమ్ దొరకడానికి పడ్డ టెన్షన్ వేరే కథ, వదిలేద్దాం. బాగున్న జిర్కాన్‌ గ్రాఫ్‌లో 1008 (సెం.మీ.⁻¹) దగ్గర సన్నటి శిఖరం రావాలి. నా గింజల్లో ఒకటి లేత గులాబీ రంగుది, మధ్యలో తేటగా, అంచున మబ్బుగా ఉంది. మధ్యలో 1007 దగ్గర సూదిలా వచ్చిన శిఖరం, అంచుకి జరిపేసరికి 1001 వైపు జారి బాగా వెడల్పైంది. పక్కపక్కనే, వెంట్రుక మందమంత దూరంలో! యురేనియం ఎక్కువున్న అంచే ఎక్కువ దెబ్బ తిన్నదన్నమాట.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ సూటిగా అడిగారు: "థోరియం మోనజైట్‌లోనే ఎక్కువ కదమ్మా, మరి అది ఎందుకు గాజులా మారలేదు?" థోరియం కూడా ఆల్ఫాలు విసిరేదే కాబట్టి తన్నులు దానికీ పడతాయి, ఎక్కువే పడతాయి, కాకపోతే దాని లోపాలు తక్కువ వేడికే మానిపోతాయి, జిర్కాన్‌వి అంత తేలిగ్గా మానవు అని చెప్పి, ఫర్నేస్‌లో 1000 డిగ్రీల దగ్గర ఉంచాక అదే గులాబీ గింజ అంచు శిఖరం మళ్లీ సన్నబడ్డ గ్రాఫ్ చూపించాను. ఆయన గ్రాఫ్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

ఈ పనికి దిగేవాళ్లు గింజల్ని పొడి చేయకముందే మైక్రోస్కోప్ కింద తేట భాగం, మబ్బు భాగం విడివిడిగా గుర్తుపెట్టుకుని కొలవండి. పొడి చేస్తే రెండూ కలిసిపోయి సగటు తప్ప ఇంకేమీ మిగలదు.